రాతి మీది రాతలు

పాఠ్యాంశ పరిచయం

భూమి ఎంతో పురాతనమైనదని మనం విన్నాం. అయితే ఒక రాయిని చేత పట్టుకొని, ఇది ఫలానా కాలానిదని ఎలా చెప్పగలుగుతున్నారు? పెన్సిలు గీతంత సన్నని ఒక శిలాజం ఈ ప్రశ్నకు సమాధానం చెప్పింది. ఆ గీతలను ఓపికతో చదివినవాడు ఒక చిన్న ఊరి బడిపంతులు. ఆ శిలాజం కథను, ఆ ఉపాధ్యాయుని కృషిని తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

పాత దేవాలయాలకు వెళ్లినప్పుడు గోడల మీద, స్తంభాల మీద చెక్కిన శాసనాలు కనిపిస్తాయి. తెలుగు శాసనాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోనే కాక కర్ణాటకలోను, తమిళనాడులోను కూడా ఉన్నాయి. కొన్ని శాసనాలలో శక సంవత్సరం స్పష్టంగా ఉంటుంది. కొన్నిటిలో తేదీ ఉండదు. అలాంటి శాసనం ఏ శతాబ్దం నాటిదో పండితులు ఎలా చెబుతారు? అక్షరాల ఆకారాన్ని బట్టి చెబుతారు. మన లిపి కాలం గడిచేకొద్దీ మారుతూ వచ్చింది. తేదీ తెలిసిన శాసనాల అక్షరాలతో, తేదీ లేని శాసనం అక్షరాలను పోల్చి చూస్తే దాని కాలం ఇంచుమించుగా తెలిసిపోతుంది. శాసనంలోని మాట అర్థం కాకపోయినా, రాత తీరు కాలాన్ని పట్టిస్తుంది.

భూమి పొరలలో కూడా ఇలాంటి రాతలు ఉన్నాయి. అయితే వాటిని మనుషులు రాయలేదు. నల్లని పలకల్లాంటి రాళ్లను పొర విడదీసి చూస్తే, కొన్నిటి మీద రంపపు పళ్లవంటి అంచుతో సన్నని గీతలు కనిపిస్తాయి. ఎవరో పెన్సిలుతో గీసి వదిలేసినట్లుగా ఉంటాయి. గ్రీకు భాషలో ‘గ్రాప్టోస్’ అంటే రాసినది, ‘లిథోస్’ అంటే రాయి. ఆ రెండు మాటలూ కలిసి ఈ గీతలకు ‘గ్రాప్టొలైట్’ అనే పేరు వచ్చింది. తెలుగులో చెప్పుకోవాలంటే ‘రాతి మీది రాత’.

జీవజాతులకు పేర్లు పెట్టే పద్ధతిని ఏర్పరచిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ లినేయస్ 1735లోనే ఈ పేరును వాడారు. కాని ఆయన వాటిని నిజమైన శిలాజాలుగా భావించలేదు. శిలాజాలను పోలిన బొమ్మలని మాత్రమే అనుకున్నారు. తరువాతి వారిలో కొందరు వాటిని మొక్కలన్నారు, కొందరు పగడపు జీవుల బంధువులన్నారు.

ఇప్పుడు మనకు తెలిసిన సంగతి ఇది. గ్రాప్టొలైట్లు సముద్రజీవులు. ఒక్కొక్క జీవి చాలా చిన్నది. అది తన చుట్టూ గొట్టంవంటి గూడు కట్టుకొనేది. ఆ గూటి పక్కన ఇంకొక గూడు, దాని పక్కన మరొకటి, ఇలా వరుసగా అనేక జీవులు కలిసి ఒకే సంఘంగా బతికేవి. గూళ్ల మూతులే మనకు రంపపు పళ్లలాగా కనిపిస్తాయి. మొదట్లో వచ్చినవి సముద్రపు అడుగున పాతుకొని చిన్న పొదల్లాగా పెరిగేవి. ఆ తరువాత వచ్చిన వాటిలో అనేకం అడుగును విడిచి, సముద్రజలాలలో తేలుతూ జీవించాయి. మన కథకు ముఖ్యమైనవి ఈ తేలే జాతులే.

ఇవి జీవించిన కాలాన్ని శాస్త్రజ్ఞులు పురాజీవ మహాయుగం అంటారు. అందులో మొదటి మూడు యుగాలు కేంబ్రియన్, ఆర్డొవిషియన్, సైలూరియన్. నాలుగవది డెవోనియన్. గ్రాప్టొలైట్లు కేంబ్రియన్ యుగంలో పుట్టి, ఆర్డొవిషియన్, సైలూరియన్ యుగాలలో బాగా విస్తరించాయి. తేలే జాతులన్నీ డెవోనియన్ యుగం తొలి భాగంలో, అంటే సుమారు 41 కోట్ల ఏళ్ల కిందట అంతరించాయి.

లిపి మారినట్లే వీటి ఆకారం కూడా కాలంతోపాటు మారింది. తొలినాటి తేలే జాతులు అనేక శాఖలతో వలలాగా ఉండేవి. పోనుపోను శాఖలు తగ్గాయి. నాలుగు శాఖలవి వచ్చాయి. సంగీతంలో వాడే శ్రుతిదండంలాగా రెండు శాఖలవి వచ్చాయి. తరువాత రెండు వరుసలు వీపు వీపు ఆనించి ఒకే పుల్లగా అతుక్కున్న రకాలు వచ్చాయి. సైలూరియన్ యుగంలో ఒకే వరుస గూళ్లున్న జాతులు బలపడ్డాయి. వాటిలో కొన్ని నిటారుగా ఉంటే, కొన్ని గడియారపు స్ప్రింగులాగా చుట్టుకొని ఉన్నాయి. ఈ ఆకారాలను గుర్తుపట్టగలవారు ఒక్క ముక్క చూసి, ఆ రాయి ఏ కాలానిదో చెప్పగలరు.

కాలాన్ని తెలిపే ఇలాంటి శిలాజాన్ని సూచక శిలాజం అంటారు. ఏ శిలాజమైనా సూచక శిలాజం కాలేదు. దానికి నాలుగు లక్షణాలు ఉండాలి. ఆ జాతి భూమి మీద కొద్ది కాలమే జీవించి ఉండాలి. ఆ కొద్ది కాలంలోనే చాలా దూరం వ్యాపించి ఉండాలి. అది విరివిగా దొరకాలి. సులభంగా గుర్తుపట్టేలా ఉండాలి. గ్రాప్టొలైట్లకు ఈ నాలుగూ ఉన్నాయి. సముద్రప్రవాహాలు వాటిని ఖండఖండాంతరాలకు మోసుకుపోయాయి. చనిపోయినప్పుడు అవి మెల్లగా దిగి సముద్రగర్భం చేరాయి. ఆక్సిజన్ అత్యల్పంగా ఉన్న లోతులలో వాటిని తినే జీవులు లేవు, బురదను కదిలించే జీవులూ లేవు. అందుచేత ఆ సన్నని గూళ్లు చెదరకుండా బురదలో నిలిచాయి. ఆ నల్లని బురదే కాలక్రమంలో గట్టిపడి ‘షేలు’ అనే పలకరాయి అయింది.

బురద పొరలు పేరుకొనేటప్పుడు అడుగున ఉన్న పొర ముందుది, పైన ఉన్నది తరువాతిది. అటక మీద ఏళ్ల తరబడి దొంతరగా పేర్చిన పత్రికలలో అడుగున ఉన్నదే పాతదన్నట్లు ఇది తేలికైన సూత్రమే. నికోలస్ స్టెనో అనే శాస్త్రజ్ఞుడు దీనిని 1669లోనే ప్రకటించారు. కాని భూమి ఆ దొంతరను కదపకుండా ఉంచదు. భూగర్భ బలాలు పొరలను మడిచాయి, విరిచాయి, కొన్నిచోట్ల తలకిందులు కూడా చేశాయి. ఆ పైన గాలివానలు వాటిని కోసివేశాయి. అలాంటి చోట ఏది కిందిది, ఏది పైది అని ఎలా చెప్పాలి? పందొమ్మిదవ శతాబ్దంలో బ్రిటన్ దేశపు పెద్ద శాస్త్రజ్ఞులను కూడా ఈ చిక్కు పెట్టిన ప్రశ్న ఇది.

ఆ రోజుల్లో ఆడమ్ సెడ్జ్‌విక్, రోడెరిక్ మర్చిసన్ అనే ఇద్దరు మిత్రులు వేల్స్ ప్రాంతపు రాళ్లను పరిశీలించారు. సెడ్జ్‌విక్ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. మర్చిసన్ సైన్యంలో పనిచేసి, తరువాత భూగర్భశాస్త్రం వైపు వచ్చినవారు. 1835లో ఇద్దరూ కలిసి తమ రాళ్లకు పేర్లు ప్రకటించారు. కింది రాళ్లకు సెడ్జ్‌విక్ కేంబ్రియన్ అని పేరు పెట్టారు. అది వేల్స్ ప్రాంతపు పాత పేరు నుండి వచ్చింది. పై రాళ్లకు మర్చిసన్ సైలూరియన్ అని పేరు పెట్టారు. అది వేల్స్‌లో ఒకప్పుడు నివసించిన సిలూర్లు అనే తెగ పేరు.

పని ముందుకు సాగేకొద్దీ చిక్కు బయటపడింది. మధ్యనున్న కొన్ని పొరలను ఇద్దరూ తమవే అన్నారు. సెడ్జ్‌విక్ లెక్కలో అవి కేంబ్రియన్ పైభాగం. మర్చిసన్ లెక్కలో అవే సైలూరియన్ కిందిభాగం. వాదోపవాదాలు పెరిగి స్నేహం చెడింది. 1871లో మర్చిసన్, 1873లో సెడ్జ్‌విక్ మరణించారు. తగాదా మాత్రం తీరలేదు. ఒకే రాయిని ఒక పుస్తకం ఒక పేరుతో, మరొక పుస్తకం మరొక పేరుతో పిలుస్తూ ఉండేవి.

ఈ తగాదాను తీర్చినవారు చార్లెస్ లాప్‌వర్త్. ఆయన 1842లో ఇంగ్లండులోని ఫారింగ్‌డన్ అనే ఊరిలో జన్మించారు. ఉపాధ్యాయ శిక్షణ పొంది, 1864లో స్కాట్లండులోని గాలాషీల్స్ అనే ఊరి బడిలో పంతులుగా చేరారు. ప్రసిద్ధ రచయిత సర్ వాల్టర్ స్కాట్ నివసించిన ఇల్లు ఆ ఊరికి దగ్గరలోనే ఉంది. లాప్‌వర్త్ ఏ కళాశాలలోనూ భూగర్భశాస్త్రం చదవలేదు. సెలవు దొరికినప్పుడల్లా కొండల్లో తిరుగుతూ, సొంతంగా నేర్చుకున్నారు.

ఆ ప్రాంతంలోని కొండలు దాదాపుగా ముతక ఇసుకరాయితో నిండి ఉంటాయి. మధ్య మధ్య నల్లని షేలు పట్టీలు కనిపిస్తాయి. ఒక పట్టీ, కొంత దూరం ఇసుకరాయి, మళ్లీ ఒక పట్టీ, ఇలా కొండ వెంట కొండ సాగుతుంది. ప్రభుత్వ సర్వే అధికారులు ఈ పట్టీలను చూసి, ఇవన్నీ వేర్వేరు కాలాలలో ఒకదానిపై ఒకటి పేరుకున్న వేర్వేరు పొరలని భావించారు. అలా లెక్కవేస్తే అక్కడి రాళ్ల మందం వేల అడుగులకు పెరిగిపోయింది. గ్రాప్టొలైట్లు వారికీ దొరికాయి. కాని అవి కాలాన్ని తెలపడానికి పనికిరావని వారు అనుకున్నారు.

లాప్‌వర్త్ మొఫట్ పట్టణానికి ఈశాన్యంగా ఉన్న డాబ్స్ లిన్ అనే లోయను ఎంచుకున్నారు. ‘లిన్’ అంటే అక్కడి భాషలో జలపాతం. వాగు కోసిన ఆ లోయలో షేలు పొరలు బాగా బయటపడి ఉన్నాయి. దగ్గరలోని బర్క్‌హిల్ అనే కుటీరంలో బస చేసి, ఆయన ఏళ్ల తరబడి అక్కడ పనిచేశారు. అప్పటిదాకా చాలామంది శిలాజాలను సేకరించి ఒకే సంచిలో వేసుకొనేవారు. లాప్‌వర్త్ అలా చేయలేదు. ప్రతి సన్నని పొరను విడిగా కొలిచారు. ఏ గ్రాప్టొలైటు ఏ పొరలో దొరికిందో పొర పొరకూ రాసుకున్నారు. ఏ జాతి ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగిపోతుందో గమనించారు.

అప్పుడు అసలు విషయం బయటపడింది. షేలులో మూడు భాగాలున్నాయి. కిందిది గ్లెన్‌కిల్న్, మధ్యది హార్ట్‌ఫెల్, పైది బర్క్‌హిల్ అని ఆయన పేర్లు పెట్టారు. ప్రతి భాగంలోనూ గ్రాప్టొలైట్ల వరుస వేరు. ఆ వరుసతో పక్క కొండలోని పట్టీని చూస్తే అక్కడా అవే జాతులు, అదే క్రమం. దాని తరువాతి పట్టీలోనూ అంతే. కొన్నిచోట్ల మాత్రం క్రమం తలకిందులుగా ఉంది. అంటే కొండ నిండా కనిపించే పట్టీలు అనేకం కావు. ఒకే షేలు పొర మడతలు పడి, విరిగి, మళ్లీ మళ్లీ పైకి వచ్చింది.

ఇది అర్థం కావాలంటే చీర కుచ్చిళ్లను గుర్తు తెచ్చుకోండి. చీరకు ఉన్నది ఒకటే అంచు. కాని కుచ్చిళ్లు పోసి పక్కనుంచి చూస్తే ఆ అంచు ఎన్నోసార్లు కనిపిస్తుంది. అది తెలియనివారు అంచులు ఎన్నో ఉన్నాయని లెక్కపెడతారు. కుచ్చిళ్లు విప్పి చూసినవారికి ఒకటే అంచని తెలుస్తుంది. లాప్‌వర్త్ గ్రాప్టొలైట్ల సాయంతో కొండల కుచ్చిళ్లు విప్పి చూశారు.

వేల అడుగుల మందం అనుకున్న ఆ షేలు పొరలన్నీ కలిపితే నిజానికి సుమారు వంద మీటర్లు మాత్రమే. అవి పేరుకోవడానికి దాదాపు రెండు కోట్ల ఏళ్లు పట్టిందని నేటి లెక్క. ఈ లెక్కన ఒక మిల్లీమీటరు షేలు ఏర్పడడానికి సుమారు 200 ఏళ్లు. బొటనవేలి గోరంత మందంలో ఎన్ని మానవ తరాలు ఇముడుతాయో మీరే ఊహించండి.

లాప్‌వర్త్ 1878లో తన పరిశోధనను ప్రచురించారు. అప్పటికి ఆయన సెయింట్ ఆండ్రూస్ పట్టణంలోని మద్రాసు కాలేజీ అనే పాఠశాలలో పనిచేస్తున్నారు. స్కాట్లండులో మద్రాసు పేరేమిటని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. ఆండ్రూ బెల్ అనే ఆయన మద్రాసులో ఒక అనాథ బాలుర పాఠశాలను నడిపినప్పుడు, పిల్లల చేతనే తోటి పిల్లలకు చదువు చెప్పించే పద్ధతిని రూపొందించారు. దానికి మద్రాసు పద్ధతి అని పేరు. ఆయన ఇచ్చిన ధనంతో ఆయన సొంత ఊరిలో వెలిసిన పాఠశాలకు ఆ పేరే నిలిచింది.

మరుసటి సంవత్సరం, 1879లో, లాప్‌వర్త్ సెడ్జ్‌విక్, మర్చిసన్‌ల తగాదాకు పరిష్కారం చెప్పారు. మధ్యనున్న రాళ్లలోని జీవజాతులు కింది కేంబ్రియన్ జీవులకూ చెందవు, పై సైలూరియన్ జీవులకూ చెందవు. అవి ప్రత్యేకమైనవి. కాబట్టి ఆ రాళ్లు ఇద్దరిలో ఎవరివీ కావు. అది మూడవ యుగం. వేల్స్ ఉత్తర భాగంలో నివసించిన ఆర్డొవిసులు అనే పురాతన తెగ పేరు మీద ఆయన దానికి ఆర్డొవిషియన్ అని పేరు పెట్టారు. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న ప్రశ్న జోలికి పోకుండా, రాళ్లలో ఏముందో చూసి చేసిన తీర్పు అది.

ఆ తీర్పును లోకం వెంటనే అంగీకరించలేదు. అయితే సర్వే శాఖకు చెందిన బెన్ పీచ్, జాన్ హార్న్ ఆ కొండలను తిరిగి పరిశీలించారు. 1899లో వెలువడిన వారి గ్రంథం లాప్‌వర్త్ చెప్పిన క్రమాన్ని సమర్థించింది. 1960లో అంతర్జాతీయ భూగర్భశాస్త్ర మహాసభ ఆర్డొవిషియన్ యుగాన్ని గుర్తించింది. బర్క్‌హిల్ కుటీరం గోడకు 1931లో స్కాట్లండు భూగర్భశాస్త్రజ్ఞులు లాప్‌వర్త్ స్మారక ఫలకం అమర్చారు.

1881లో బర్మింగ్‌హామ్‌లో ఆచార్యులైన లాప్‌వర్త్ ఒక్కరే ఈ పని పూర్తిచేయలేదు. గెర్‌ట్రూడ్ ఎలెస్, ఎథెల్ వుడ్ అనే ఇద్దరు మహిళలు ఆయన సంపాదకత్వంలో బ్రిటన్ గ్రాప్టొలైట్లన్నిటిని వర్ణిస్తూ పెద్ద గ్రంథం రచించారు. అది 1901 నుండి 1918 వరకు భాగాలుగా వెలువడింది. ఇద్దరూ కేంబ్రిడ్జిలో చదివినవారే. కాని ఆ విశ్వవిద్యాలయం 1948 వరకు స్త్రీలకు పూర్తి పట్టాలు ఇవ్వలేదు. పట్టా ఇవ్వకపోయినా వారి గ్రంథం దేశదేశాల పరిశోధకులకు ప్రామాణికమైంది.

ఇంతకీ గ్రాప్టొలైటు ఏ కోవకు చెందిన జీవి? ఈ ప్రశ్నకు పోలెండు శాస్త్రజ్ఞుడు రోమన్ కొజ్‌వోవ్‌స్కీ సమాధానం చెప్పారు. షేలులోని శిలాజాలు బరువుకు నలిగి చదునైపోతాయి. ఆయనకు గట్టి చెకుముకి జాతి రాయిలో నలగని శిలాజాలు దొరికాయి. ఆ రాయిని ఆమ్లంతో కరిగించి, గూళ్లను చెదరకుండా బయటికి తీశారు. ఆ గూటి గోడ సన్నని అర్ధవలయాలు పేర్చినట్లుగా కట్టి ఉంది. నేటి సముద్రాలలో బతికి ఉన్న రాబ్డోప్లూరా అనే చిన్న జీవి తన గొట్టాన్ని సరిగ్గా అలాగే కట్టుకుంటుంది. 1949లో వెలువడిన ఆయన గ్రంథం ఈ బంధుత్వాన్ని వివరంగా నిరూపించింది. 2013లో ప్రచురితమైన ఒక పరిశోధన మరొక అడుగు ముందుకు వేసి, రాబ్డోప్లూరాను గ్రాప్టొలైట్ల కుటుంబంలోనే చేర్చింది. తేలే జాతులు పోయినా, అడుగున పాతుకొని బతికే ఒక శాఖ ఇంకా మిగిలి ఉందన్నమాట.

గ్రాప్టొలైట్లు మనకు కాలానుక్రమం చెబుతాయి. ఇది ముందు, అది తరువాత అని చెబుతాయి. కాని ఎన్ని ఏళ్ల కిందట అన్న అంకెను చెప్పలేవు. ఆ అంకె కోసం శాస్త్రజ్ఞులు అగ్నిపర్వతాల బూడిదను ఆశ్రయిస్తారు. డాబ్స్ లిన్ షేలు మధ్య అలాంటి బూడిద పొరలు ఉన్నాయి. బూడిదలోని జిర్కాన్ అనే చిన్న స్ఫటికాలలో యురేనియం ఉంటుంది. అది నిర్ణీతమైన వేగంతో సీసంగా మారుతూ ఉంటుంది. ఎంత యురేనియం మిగిలిందో, ఎంత సీసం ఏర్పడిందో కొలిచి, స్ఫటికం వయస్సు లెక్కకడతారు. బూడిద అంకెను ఇస్తే, దాని పైన, కింద ఉన్న గ్రాప్టొలైట్లు ఆ అంకెను బూడిద లేని దేశాలకు కూడా చేరవేస్తాయి. రెండూ కలిస్తేనే కాలపట్టిక నిండుతుంది.

ఆ పట్టికలో ఒక విషాద ఘట్టం ఉంది. ఆర్డొవిషియన్ యుగాంతంలో, సుమారు 44 కోట్ల 50 లక్షల ఏళ్ల కిందట, అప్పటి దక్షిణ ఖండం మీద మంచు విస్తరించింది. నేటి సహారా ఎడారిలో ఆ మంచు గీసిన గీతలు ఇప్పటికీ ఉన్నాయి. సముద్రమట్టం తగ్గింది. ఎన్నో సముద్రజీవులు నశించాయి. గ్రాప్టొలైట్లలో కొద్ది జాతులే మిగిలాయి. మిగిలిన ఆ కొద్దిపాటి నుండే సైలూరియన్ యుగపు కొత్త జాతులు పుట్టుకొచ్చాయి. ఈ రెండు యుగాల సరిహద్దును ప్రపంచమంతటికీ ఒకేచోట నిర్ణయించవలసి వచ్చినప్పుడు, 1984లో అంతర్జాతీయ సంఘం డాబ్స్ లిన్‌నే ఎంపిక చేసింది. అక్కడి బర్క్‌హిల్ షేలులో ఒక గ్రాప్టొలైటు జాతి మొదటిసారి కనిపించే పొరతో సైలూరియన్ యుగం మొదలవుతుంది. ఆ పొర వయస్సు సుమారు 44 కోట్ల 30 లక్షల ఏళ్లు.

గ్రాప్టొలైట్ల వల్ల ప్రయోజనం పుస్తకాలకే పరిమితం కాలేదు. ఆస్ట్రేలియాలో బెండిగో ప్రాంతపు బంగారు గనులు మడతలు పడిన ఆర్డొవిషియన్ రాళ్లలో ఉన్నాయి. ఆ మడతలను గుర్తించడానికి గ్రాప్టొలైట్లు తోడ్పడ్డాయి. చైనాలో షేలు పొరల నుండి సహజవాయువు తీసేవారు, బావి ఏ పొరకు చేరిందో తెలుసుకోవడానికి వీటినే చూస్తున్నారు. అయితే వీటికీ పరిమితి ఉంది. లోతు తక్కువైన తీరప్రాంతపు సున్నపురాళ్లలో ఇవి అరుదు. అక్కడ వేరే శిలాజాలను ఆశ్రయించవలసిందే.

మరి మన ఇళ్లలో పరిచే కడప బండల మీద గ్రాప్టొలైట్ల కోసం వెతకవచ్చునా? వెతికినా దొరకవు. ఆ రాళ్లు పేరుకున్నది గ్రాప్టొలైట్లు పుట్టకముందు. మన పాదాల కింద ఉన్న ఆ నల్లరాయి, ఈ పాఠంలోని రాళ్లన్నిటికన్నా పెద్దది.

లాప్‌వర్త్‌కు పదవి లేదు, ప్రయోగశాల లేదు, వెనుక నిలిచిన సంస్థ లేదు. ఉన్నవి ఒక సుత్తి, ఒక నోటుపుస్తకం, బడి సెలవులు. పెద్దలు చెప్పారు కదా అని ఆయన నమ్మి ఊరుకోలేదు. పెద్దలను నిందిస్తూ కూర్చోనూ లేదు. ఒక్కొక్క పొరను విడదీసి, ఉన్నది ఉన్నట్లుగా రాసుకున్నారు. మీ చుట్టూ ఉన్న రాళ్లను, చెట్లను, పాత గోడల మీది అక్షరాలను మీరూ అలాగే పరిశీలించండి. ఎక్కడ, ఏ పొరలో, ఏది చూశారో రాసుకోవడం మరవకండి.

కఠిన పదాలకు అర్థాలు

శిలాజం = రాతిలో నిలిచిపోయిన పూర్వకాలపు జీవి ఆనవాలు
దొంతర = ఒకదానిపై ఒకటి పేర్చిన వరుస
శ్రుతిదండం = నిర్ణీత స్వరాన్ని పలికించే రెండు కొమ్మల లోహపు సాధనం
అనుక్రమం = వరుస
కుటీరం = చిన్న ఇల్లు
ప్రామాణికం = అందరూ ఆధారంగా తీసుకోదగినది
స్ఫటికం = నిర్దిష్టమైన ఆకారం గల ఖనిజపు పలుకు

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు రెండు లేక మూడు వాక్యాలలో సమాధానాలు రాయండి.

1. గ్రాప్టొలైట్ అనే పేరు ఎలా వచ్చింది?
2. సూచక శిలాజానికి ఉండవలసిన నాలుగు లక్షణాలు ఏవి?
3. సెడ్జ్‌విక్, మర్చిసన్‌ల మధ్య తగాదా దేని గురించి వచ్చింది?
4. అగ్నిపర్వతపు బూడిద రాళ్ల వయస్సును తెలుసుకోవడానికి ఎలా తోడ్పడుతుంది?
5. కడప బండలలో గ్రాప్టొలైట్లు ఎందుకు దొరకవు?

ఆ) కింది ప్రశ్నలకు పదిహేను వాక్యాలలో సమాధానాలు రాయండి.

1. డాబ్స్ లిన్‌లో లాప్‌వర్త్ పనిచేసిన తీరు అంతకు ముందువారి తీరు కన్నా ఎలా భిన్నమైనది? దాని ఫలితమేమి?
2. తేదీ లేని శాసనాన్ని చదవడానికి, రాతి పొరల కాలాన్ని నిర్ణయించడానికి గల పోలికలను, తేడాలను వివరించండి.

ఇ) సందర్భం తెలిపి వివరించండి.

1. “రాత తీరు కాలాన్ని పట్టిస్తుంది.”
2. “కాబట్టి ఆ రాళ్లు ఇద్దరిలో ఎవరివీ కావు.”

భాషాంశాలు

1. కింది పదాలను విడదీసి, సంధి పేరు తెలపండి.

ఉదా: కాలానుక్రమం = కాల + అనుక్రమం – సవర్ణదీర్ఘసంధి

దేవాలయం, వాదోపవాదాలు, అత్యల్పం, పొరలన్నీ

2. కింది సమాసాలకు విగ్రహవాక్యాలు రాసి, సమాసం పేరు తెలపండి.

ఉదా: సముద్రగర్భం = సముద్రము యొక్క గర్భం – షష్ఠీ తత్పురుష సమాసం

నల్లరాయి, గాలివానలు, రెండు వరుసలు

3. కింది వాక్యాలను సంక్లిష్ట వాక్యంగా మార్చండి.

లాప్‌వర్త్ ప్రతి పొరను కొలిచారు. లాప్‌వర్త్ శిలాజాల వివరాలను రాసుకున్నారు.

చేసి చూడండి

1. ఒక తెల్ల కాగితం మీద నిలువుగా ఒకే ఒక నల్లగీత గీయండి. ఆ గీత మడతలపై పడేలా కాగితాన్ని విసనకర్రలాగా ముందుకు, వెనుకకు మడవండి. పక్కనుంచి చూస్తే గీత ఎన్నిసార్లు కనిపిస్తున్నదో లెక్కపెట్టండి. కాగితం విప్పి, లాప్‌వర్త్ కనిపెట్టిన విషయాన్ని మీ మాటలలో చెప్పండి.

2. మీ ఊరిలో లేక దగ్గరి ఊరిలో పాత శాసనం ఉంటే, పెద్దల అనుమతితో చూసి రండి. అందులోని నాలుగు అక్షరాలను నోటుపుస్తకంలో ఉన్నవి ఉన్నట్లుగా గీసి, నేటి అక్షరాలతో పోల్చండి.